మా ఆవిడ డాక్టర్లనడిగిన ప్రశ్న

మా తోడల్లుడు నన్ను పదిమందిలో ఒక మాట అన్నాడు. బజారంతా అతన్ని గజంబద్ద అంటుంది. బట్టల కొట్టు యజమాని కాబట్టి చేతిలో ఎప్పుడూ గుడ్డ కొలిచే ఇనప బద్ద ఉంటుంది. భోజనానికి లేచినా దాన్ని చంకలో పెట్టుకునే లేస్తాడు. ఆ బద్దతోనే నన్ను చూపించి, "ఆడవాళ్ళ కొలతలు తీసి తీసి వీడికి సిగ్గు అరిగిపోయింది, అందుకే పెళ్ళాన్ని మగ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాడు" అన్నాడు. కొట్టునిండా జనం ఉన్నారు. నవ్వినవాళ్ళలో ముగ్గురి జాకెట్లు ఆ వేళకి నా మిషను మీదే ఉన్నాయి.

నేను బదులు చెప్పలేదు. మాట తోచక కాదు. కొట్టు అతనిది, మిషను నాది. అతను గుడ్డ చింపి ఇస్తాడు, జనం దాన్ని తెచ్చి కిటికీ పక్కన కూర్చున్న నాకిస్తారు. పదకొండేళ్ళుగా ఇదే ఏర్పాటు. మా ఇద్దరి భార్యలూ అక్కచెల్లెళ్ళు కావడం వల్ల కుదిరిన ఏర్పాటు. అలాంటి చోట నోరు జారితే రెండిళ్ళలో పొయ్యిలు ఆరిపోతాయి.

మా ఆవిడకి నెలకి మూడు రోజులు నరకం. మొదటి రోజు వంటగది గోడకి వీపు ఆనించి, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చుంటుంది. రెండో రోజు వాంతులు. మరుగుదొడ్డికి వెళ్తే లోపలినుంచి పళ్ళు నూరే చప్పుడు నాకు వినిపించేది. మూడో రోజు లేచి, ఏమీ జరగనట్టు నేను కుట్టిన జాకెట్లకి హుక్కులు కుట్టేది, కాజాలు తీసేది. పెళ్ళయి పదమూడేళ్ళు, పిల్లల్లేరు. ఆ సంగతి ఆమె వదిలేసింది. నేనూ వదిలేశానని చెబుతుంటాను.

ఎనిమిదేళ్ళుగా చూపించింది ఒక్క డాక్టరమ్మకే. మా వదిన, అంటే గజంబద్ద భార్య, ఆ డాక్టరమ్మ దగ్గర నర్సు. వరసలో నిలబడక్కర్లేదు, చీటీ అక్కర్లేదు. డాక్టరమ్మ ప్రతిసారీ ఒకటే చెప్పేది, ఇది అందరికీ ఉండేదే, నాకూ ఉంది, నేను బిళ్ళ వేసుకుని వచ్చి మీ అందర్నీ చూడటంలేదూ అని. రెండుసార్లు స్కానింగు తీయించింది. రెండుసార్లూ ఏమీ లేదన్నారు. ఏమీ లేనిదానికి మనిషి గోడ పట్టుకుని ఎందుకు ఏడుస్తుందో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆడ డాక్టరు, ఆడ రోగి, ఆడ నర్సు. మధ్యలో ఆరో తరగతిలో బడి మానేసినవాడికేం పనిలే అనుకున్నాను.

ఒకరోజు అక్కణ్ణుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే చెప్పింది. "నేనింక అక్కడికి వెళ్ళను."

"ఏమైంది?"

"వెళ్ళనంతే. వేరే డాక్టర్ని చూసుకుంటాను. నేనే ఎంచుకుంటాను. మీరు పక్కన కూర్చుంటే చాలు."

"ఆడ డాక్టర్నా, మగ డాక్టర్నా?"

"గుడ్డ కొనేటప్పుడు నేసింది ఆడో మగో అడుగుతారా మీ కస్టమర్లు?"

"అడగరు."

"మరి ఏం చూస్తారు?"

"పట్టుకుని చూస్తారు."

"నేనూ అంతే. ఒక ప్రశ్న అడుగుతాను. ఎవరినైనా ఒకటే ప్రశ్న. జవాబుని బట్టి తేల్చుకుంటాను."

"ఏం ప్రశ్న?"

"మీకు చెబితే మీరే జవాబు చెప్పేస్తారు. మీకు ఆ అలవాటుంది."

అక్కడ మొదలైంది నాకు పురుగు తొలిచినట్టు. మిషను తొక్కుతున్నానన్న మాటే గానీ బుర్రంతా ఆ ప్రశ్న మీదే. ఎంత ఖర్చవుతుందని అడుగుతుందా? నయమవుతుందా లేదా అనా? పిల్లల సంగతా? ఒక జాకెట్టు చంక దగ్గర తిరగేసి కుట్టి, విప్పి, మళ్ళీ తిరగేసే కుట్టాను. ముప్ఫై ఐదేళ్ళ చేతిపనిలో అలాంటి తప్పు నాకు గుర్తులేదు.

మొదట వెళ్ళింది అద్దాల మేడలో ఉండే ఒక లేడీ డాక్టరు దగ్గరికి. గోడనిండా పటం కట్టించిన డిగ్రీలు. చిన్న వయసు, చక్కగా నవ్వుతూ మాట్లాడింది. నన్ను బయట కూర్చోమన్నారు. నేను గోడమీద గడియారం చూస్తూ కూర్చున్నాను. నాలుగు నిమిషాల్లో మా ఆవిడ బయటికి వచ్చేసింది.

"ఏమంది?"

"ఈవిడ కాదు."

"అడిగావా ప్రశ్న?"

"అడిగాను. 'అలా భయపడితే ఎలా, మనం మనం ఆడవాళ్ళమే కదా' అంది."

"అందులో తప్పేముంది?"

"నేనడిగింది భయం గురించి కాదు" అని మెట్లు దిగిపోయింది.

రెండోది మగ డాక్టరు. ఊళ్ళో పేరున్నవాడే. ఇద్దర్నీ లోపలికి పిలిచాడు. ఆమెకేసి ఒకసారి చూసి, కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. "ఎన్నాళ్ళనుంచి ఈమెకి నొప్పి? నెల సరిగ్గా వస్తుందా? తిండి తింటుందా?" అన్నీ నన్నే. నాకు ఒక్కదానికీ సరైన జవాబు రాలేదు. తిండి సంగతి మాత్రం చెప్పగలిగాను. మా ఆవిడ కాసేపు విని, లేచి సంచి భుజాన వేసుకుంది.

"ముందు మా ఆయన కడుపు చూసెయ్యండి డాక్టరుగారూ, మీ ఇద్దరికీ మాట కుదిరింది. నాది తరవాత చూద్దురుగాని."

రోడ్డు మీదికి వచ్చాక నేను తిట్టబోయాను. ఆమె నవ్వుతోంది. ఆ నెలలో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

మూడోవాడి సంగతి మా ఆవిడకి చెప్పింది ఒక టీచరమ్మ, నా పాత కస్టమరు. ఆమెకీ ఇలాంటి నొప్పేనట, ఆ డాక్టరే ఆపరేషన్ చేశాడట. ఈయనా మగాడే. సరిగ్గా ఇక్కడే మా వదిన సంగతి పసిగట్టి ఇంట్లో చెప్పడం, గజంబద్ద కొట్లో ఆ మాట అనడం జరిగాయి.

నిజం చెప్పాలంటే ఆ మాట నాకు గుచ్చుకుంది. వెనకటికి ఒకాయన ఉండేవాడు. భార్య కొలతలిస్తున్నంతసేపూ గుమ్మంలో నిలబడి నా వేళ్ళకేసే చూసేవాడు. నేను టేపు బిగిస్తే ఆయన దవడ బిగుసుకునేది. మా పనిలో ఒక పద్ధతుంది. టేపుకీ ఒంటికీ మధ్య మన రెండు వేళ్ళుండాలి, కళ్ళు అంకె మీద తప్ప ఎక్కడా ఉండకూడదు, వచ్చిన అంకె పైకి చదవకూడదు, రాసుకోవాలి. పని నేర్పిన మేస్త్రి ఇవి నాకు దెబ్బలు కొట్టి నేర్పాడు. ఇవన్నీ ఆ మొగుడికేం తెలుసు, వెర్రివాడు అని లోలోపల నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ గుమ్మంలో నేను నిలబడబోతున్నాను. దవడ బిగుసుకుంటుందా లేదా చూద్దాం అనిపించింది. భయం కొంత, దానికంటే కుతూహలం ఎక్కువ.

ఆ డాక్టరు గది పాత భవనంలో రెండో అంతస్తు. నా వయసువాడే. చొక్కా కాలరు అరిగితే తిప్పి కుట్టించుకున్నాడు. నాకు ముందు కనబడింది అదే. కుర్చీ మా ఆవిడ వైపే వేసుకున్నాడు. నన్ను చూసి, "ఆయన ఇక్కడ ఉండాలా, బయట కూర్చోవాలా?" అని ఆమెనే అడిగాడు.

"ఉండనివ్వండి. తెర ఇవతల" అంది.

నొప్పి ఎప్పుడు మొదలవుతుంది, ఎక్కడికి పాకుతుంది, మరుగుదొడ్డికి వెళ్తే ఎలా ఉంటుంది, అన్నీ అడిగాడు. ఆమె చెప్పింది. పదమూడేళ్ళుగా ఒకే గదిలో పడుకుంటున్నవాణ్ణి, సగం నేను అప్పుడే విన్నాను.

"ఆ రోజుల్లో కడుపు ఉబ్బుతుందా?"

"ఉబ్బుతుంది."

"ఎంత?"

"ఆయన్నడగండి. పుస్తకంలో రాసుకుంటారు."

డాక్టరు మొదటిసారి నాకేసి తిరిగాడు. నేను మొహమాటంగా చెప్పాను. నా కొలతల పుస్తకంలో మా ఆవిడకీ ఒక పేజీ ఉంది. ఆమె జాకెట్లు, లంగాలు కుట్టేది నేనే. ఎప్పుడు కొలిచినా తేదీ వేసి రాస్తాను. నడుము ఒకసారి ఇరవై తొమ్మిది వస్తుంది, పది రోజులకి కొలిస్తే ముప్ఫై రెండున్నర. మళ్ళీ ఇరవై తొమ్మిది. మళ్ళీ ముప్ఫై రెండు. ఊపిరి బిగపట్టి నన్ను మోసం చేస్తోందనుకునేవాణ్ణి. కొలతిచ్చేటప్పుడు కడుపు లోపలికి లాక్కోవడం చాలామందికి అలవాటే, మాకది మామూలు. అందుకని ఆమె మీద కసురుకునేవాణ్ణి. రెండుసార్లు టేపు పాడైందని కొత్తది కొన్నాను. చివరికి విసిగి ఆమె లంగాలకి రెండు బొందులు కుట్టడం మొదలుపెట్టాను, బిగువుకొకటి, వదులుకొకటి.

"తేదీలు కూడా ఉన్నాయా?" అన్నాడు డాక్టరు. కలం పక్కన పెట్టేశాడు.

"ఉన్నాయండి. పదేళ్ళవి."

"రేపు ఆ పుస్తకం తెస్తారా?"

నా రాతని చూపించమని అడిగిన చదువుకున్నవాడు అతనొక్కడే.

తరవాత పరీక్ష. నర్సమ్మ వచ్చి తెర లాగింది. నేను ఇవతల బల్ల మీద కూర్చున్నాను. అప్పుడు వినబడింది, ఇన్ని రోజులుగా నన్ను తొలిచేసిన ప్రశ్న.

"డాక్టరుగారూ, మధ్యలో నేను ఆపమంటే ఆపుతారా?"

ఇంతేనా అనిపించింది. ఇంత చిన్నదానికా ఆ అద్దాల మేడ డాక్టర్ని వదిలేసింది?

డాక్టరు ఎదురు ప్రశ్న వేశాడు. "ఇంతకుముందు ఎవరైనా ఆపలేదా?" అన్నాడు.

పరీక్ష మంచం కిర్రుమంది.

"ఆపుతాను. ఎందుకని అడగను. మీరు మళ్ళీ సరేనంటేనే మొదలుపెడతాను. అనకపోతే ఇవాళ్టికి లేదు, ఇంకోరోజు చూద్దాం."

పళ్ళెంలో ఏదో సామాను కదిలింది. తరవాత మా ఆవిడ గొంతు, సన్నగా. "ఆపండి."

చప్పుడు ఆగిపోయింది. కుళాయి తిప్పిన శబ్దం, చేతులు కడుక్కుంటున్న శబ్దం. ఎవరూ ఒక్క నిమిషం ఓర్చుకోమనలేదు. నేను లేచి నిలబడ్డాను, మళ్ళీ కూర్చున్నాను. గోడ మీద రంగు పెచ్చులు లెక్కపెట్టాను. పదిహేడు. అప్పుడు "సరేనండి" అంది.

మళ్ళీ కొద్దిసేపటికే, "ఆపండి."

మళ్ళీ కుళాయి.

"ఇప్పుడు నొప్పి లేదండి. ఊరికే అన్నాను" అంది మా ఆవిడ.

"అనుకున్నాను" అన్నాడతను. "అయినా ఆపమన్నారు కదా."

నర్సమ్మ ఫక్కున నవ్వింది. వెంటనే మా ఆవిడ కూడా. తెర ఇవతల నా దవడ సంగతి నేను మరిచేపోయాను.

మర్నాడు పుస్తకం పట్టుకెళ్ళాను. అతను ఒక కాగితం మీద గీతలు గీసి నా తేదీలన్నీ దింపుకున్నాడు. ఆమె నెల లెక్కలు పక్కన పెట్టి చూసుకున్నాడు. గీత అలలా పైకీ కిందికీ పోయింది. "మీ టేపు తప్పు కాదు. రెండు కొలతలూ సరైనవే" అన్నాడు. జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్ కావచ్చన్నాడు. గర్భసంచి లోపలి పొరలాంటిదే బయట, ఉండకూడని చోట అంటుకుని పెరుగుతుంది. నెలనెలా అదీ ఉబ్బుతుంది, రక్తం కారుతుంది, బయటికి పోయే దారి ఉండదు. చుట్టుపక్కలవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. స్కానింగులో కొన్నిసార్లు కనబడదు.

"అంటే లైనింగు గుడ్డ పైవైపు పడి, దాన్ని అలాగే కలిపి కుట్టేసినట్టు" అన్నాను.

"దాదాపు అంతే. విప్పడమే కష్టం" అన్నాడు.

మందులు వాడి చూడొచ్చు, లేదా కడుపుకి చిన్న చిల్లులు పెట్టి గొట్టంతో చూసి, కనబడింది తీసేయొచ్చు. తీసినా మళ్ళీ రాదని మాట ఇవ్వలేనన్నాడు. ఇంత బాధకి తన సలహా మాత్రం ఆపరేషనే అన్నాడు. తరవాత మూడు వారాలు బరువులెత్తకూడదు, పక్కన మనిషుండాలి. ఏది కావాలో ఆలోచించుకుని చెప్పమని ఆమెకే వదిలేశాడు.

ఇంటికి నడుస్తూ అడిగాను. "ఆ ప్రశ్న ఎందుకు పట్టుకున్నావు?"

"మొన్న అక్క వాళ్ళ డాక్టరమ్మ చూస్తుంటే ఆపమన్నాను. ఒక్క నిమిషం తల్లీ అంది. మళ్ళీ ఆపమన్నాను. ఒక్క నిమిషం. నాలుగుసార్లు." కాస్త ఆగి, "ఆపమని నేను ఎవరెవరికి చెప్పానో రాస్తే మీ పుస్తకంలో ఒక పేజీ చాలదు" అంది. నా వైపు చూడలేదు. చూడక్కర్లేదు. ఇంట్లో దీపం తీసేశాక ఆమె అటు తిరిగి పడుకుంటే నేను మొండితనమని ఎన్నిసార్లు అనుకున్నానో, అనుకుని ఊరుకోని రోజులెన్నో నాకు తెలుసు. ఇల్లు చేరేదాకా నేల చూస్తూ నడిచాను.

ఆపరేషన్‌కి ఒప్పుకుందని తెలిసి మా వదిన వచ్చింది. కూర్చోలేదు.

"మా డాక్టరమ్మ ముందు నాకు తలెత్తుకోవడానికి లేదు. సొంత చెల్లెలు మగాడి దగ్గర చేయించుకుంటుందంటే ఏమనుకుంటారే?"

"ఏమైనా అనుకోనీ అక్కా."

"ఎనిమిదేళ్ళు నిన్ను కూతుర్లా చూసింది."

"చూసింది. మొన్న నేను ఆపమంటుంటే నా మోకాళ్ళు పట్టుకుంది ఎవరక్కా?"

వదినకి మంచినీళ్ళిచ్చాను, తాగలేదు. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఆయన నిజంగా ఆపాడా?"

"రెండుసార్లు."

"ఉత్తినే అంటే కూడానా?"

"ఉత్తినే అంటే కూడా."

వదిన చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు గజంబద్ద బద్దని కౌంటరు మీద పెట్టి మాట్లాడాడు. అతను దాన్ని కింద పెట్టాడంటే విషయం పెద్దదని అర్థం. "తమ్ముడూ, వచ్చే నెల బడులు తెరుస్తారు. యూనిఫారాలు. నాలుగు బడుల గుడ్డ నా దగ్గరే కొంటున్నారు. ఇప్పుడు నువ్వు మూడు వారాలు మిషను ఎక్కనంటే ఎలా?"

"ఇంట్లో ఇంకెవరున్నారు అన్నయ్యా, చూసుకోవడానికి?"

"అందుకే లేడీ డాక్టరు దగ్గర ఉండమంది మీ వదిన. రెండు బిళ్ళలతో పోయేది."

"ఎనిమిదేళ్ళు పోలేదుగా."

"సరే, నీ ఇష్టం. కిటికీ పక్క చోటు నేను ఖాళీగా ఉంచలేను. వాయిదా వేయించుకుంటావో, ఖాళీ చేస్తావో నువ్వే చెప్పు."

వాయిదా వేయమంటే మా ఆవిడ వేసేది. అదే నా భయం. ఇన్నేళ్ళూ ఆమె అన్నీ వాయిదాలే వేసింది. అందుకని ఈ మాట ఆమెకి చేరకముందే, అక్కడే, నేను వాయిదా వేయనని చెప్పేశాను. అతను బద్ద చేతిలోకి తీసుకున్నాడు.

ఆపరేషన్ రెండున్నర గంటలు పట్టింది. డాక్టరు బయటికి వచ్చి టోపీ తీసి చెప్పాడు. ఎడమవైపు అండాశయం పేగుకి అతుక్కుపోయిందట, విడదీయడానికే ఎక్కువసేపు పట్టిందట. ఇంతకాలం ఈమె నిలబడి పనిచేసిందంటే తనకే ఆశ్చర్యంగా ఉందన్నాడు. నేను గోడకి ఆనుకున్నాను. అందరికీ ఉండేదేనన్న మాట ఎనిమిదేళ్ళు నమ్మినవాణ్ణి నేనే కదా.

మూడు వారాలు వంట నేనే చేశాను. ఉప్పు సంగతి ఆమె ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంది. రెండో నెల ఆ మూడు రోజులు వచ్చాయి. నేను పొద్దున్నే లేచి వంటగది గోడ దగ్గర చూశాను. అక్కడ లేదు. మంచం మీద కూర్చుని, వేడినీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని కాజాలు తీస్తోంది. నొప్పి ఉందా అంటే, "ఉంది. మనుషులకుండేటంత" అంది. టేపు తీసి, కొలవనా అని అడిగాను. వద్దంది. టేపు మడిచి జేబులో పెట్టుకున్నాను.

అంతకుముందే, మూడు వారాలు నిండగానే, మిషను తెచ్చుకోవడానికి కొట్టుకి వెళ్ళాను. దాన్ని వెనక గుడ్డల మూటల మధ్య నిలబెట్టారు. నా కిటికీ దగ్గర ఇప్పుడు రెడీమేడ్ యూనిఫారాల అలమర ఉంది. గజంబద్ద లెక్క రాసుకుంటూ తలెత్తలేదు. ఇంకోచోట ఎంత జాగా వెతుక్కోవాలో తెలుస్తుందని నేను టేపు తీసి, అతను చూస్తుండగానే, గోడనుంచి గోడకి పట్టి కొలిచాను. పదకొండేళ్ళు కూర్చున్న చోటు ఎంతో అంతవరకూ నాకు తెలియదు. పొడవు పదిన్నర అడుగులు, వెడల్పు ఎనిమిది. ఎనభై నాలుగు చదరపు అడుగులు, ఉత్తరం కిటికీతో సహా.